శ్రద్ధ ఒక్కటే: పూజకైనా, పుస్తకానికైనా



పేరెంట్స్ మీటింగ్‌లో ప్రోగ్రెస్ కార్డు చూశాక చాలామంది అనే మాట ఒకటే: "తెలివికేం తక్కువ లేదు టీచర్, శ్రద్ధే లేదు." ఆ వెంటనే ఇంకో మాట వస్తుంది: "అంతా ఆ ఫోన్ వల్లే." కొందరు మూడో మాట కూడా కలుపుతారు: "ఇదివరకు స్నానం చేయగానే దేవుడికి దణ్ణం పెట్టుకునేవాడు. ఇప్పుడు లేస్తూనే ఫోన్ చూస్తున్నాడు." చదువు, ఫోన్, దేవుడు. వింటే మూడు వేర్వేరు ఫిర్యాదుల్లా ఉంటాయి. నిజానికి మూడూ ఒక్క విషయం గురించే. ఈ నెల దాని గురించి మాట్లాడుకుందాం.

ఒక మాట, రెండు అర్థాలు

"శ్రద్ధగా చదువు" అంటే మనసు పెట్టి చదవమని అర్థం. "భక్తిశ్రద్ధలతో పూజ చేశారు" అన్నప్పుడు అదే మాటలో నమ్మకం కూడా ఉంది. సంస్కృతంలో శ్రద్ధ అంటే ముందుగా విశ్వాసమే. భగవద్గీత 17వ అధ్యాయం పేరు శ్రద్ధాత్రయ విభాగ యోగం. మనుషుల నమ్మకాలు ఎన్ని రకాలుగా ఉంటాయో అక్కడ చెప్పారు. తెలుగులో మనం ఆ మాటనే ఏకాగ్రతకూ, జాగ్రత్తకూ వాడుకుంటున్నాం. "ఆరోగ్యం మీద శ్రద్ధ పెట్టు" అంటాం, "లెక్కల మీద శ్రద్ధ లేదు" అంటాం.

ఇది కాకతాళీయం కాదేమో అనిపిస్తుంది. దేన్ని విలువైనదని నమ్ముతామో దాని మీద మనసు నిలుస్తుంది. మనసు రోజూ ఎక్కువ సేపు దేని మీద ఉంటుందో, అదే మెల్లగా విలువైనదిగా కనిపించడం మొదలవుతుంది. రోజూ రెండు గంటలు రీల్స్ చూసే పిల్లలు పోగొట్టుకునేది ఆ రెండు గంటలే కాదు. ఎన్ని లైకులు వచ్చాయి, ఎవరు బాగున్నారు, ఎవరి దగ్గర ఏముంది అన్నవే ముఖ్యమని వాళ్ళు నేర్చుకుంటున్నారు. శ్రద్ధ లేకుండా పోలేదు, వేరే చోటికి వెళ్ళింది.

షిర్డీ సాయిబాబా పటాల్లో రెండు మాటలు కనిపిస్తాయి: శ్రద్ధ, సబూరీ. సబూరీ అంటే ఓర్పు. ముస్లిం ఇళ్ళలో నిత్యం వినిపించే సబ్ర్ నుంచి వచ్చిన మాట అది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టడం చదువుకు సరిగ్గా సరిపోతుంది. ఎనిమిదో తరగతి బీజగణితం లెక్క ఒకటి తెగాలంటే, జవాబు తెలియని స్థితిలో పది నిమిషాలు కూర్చోగలగాలి. ఇంగ్లిష్ పాఠంలో ఒక పేరా అర్థం కావాలంటే రెండుసార్లు, మూడుసార్లు చదవాలి. జపంలో, నమాజులో, ప్రార్థనలో కూడా అంతే. ఫలితం వెంటనే కనిపించదు, అయినా కూర్చోవాలి. ముప్పై సెకన్లకో కొత్త దృశ్యం చూపించే ఫోన్ ముందుగా దెబ్బతీసేది ఈ ఓర్పునే.

ఫోన్‌కు ముగింపు లేదు

పూజకు ముగింపు ఉంది, హారతి ఇచ్చాక అయిపోయిందని చిన్నపిల్లలకూ తెలుసు. నమాజు సలాంతో ముగుస్తుంది. చర్చిలో ఆరాధన ఆశీర్వాదంతో పూర్తవుతుంది. పాఠానికి చివర ప్రశ్నలుంటాయి, క్రికెట్ మ్యాచ్‌కు చివరి బంతి ఉంటుంది. ఫోన్‌లో వేలితో తోస్తూ పోయే పేజీకి మాత్రం చివర లేదు. కిందికి వెళ్ళేకొద్దీ కొత్తది తనంతట తానే వచ్చే ఈ ఏర్పాటును 2006లో ఏజా రాస్కిన్ అనే డిజైనర్ రూపొందించారు. దాని వల్ల జనం ఎంత సమయం పోగొట్టుకుంటున్నారో చూసి, తర్వాత ఆయనే బహిరంగంగా విచారం వ్యక్తం చేశారు.

మన దేశంలో ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ 2020 జులైలో మొదలైంది. అదే ఏడాది సెప్టెంబరులో యూట్యూబ్ షార్ట్స్ వచ్చింది. అది కరోనా కాలం, బడులు మూతపడి పాఠాలు ఫోన్‌లోకి వచ్చిన ఏడాది. అంటే చదువు కోసం పిల్లల చేతికి ఫోన్ ఇవ్వక తప్పని సమయంలోనే ఈ చిన్న వీడియోలు కూడా వాళ్ళ చేతికి వచ్చాయి. అప్పుడు మూడో తరగతిలోనో నాలుగో తరగతిలోనో ఉన్నవాళ్ళు ఇప్పుడు హైస్కూల్లో ఉన్నారు.

తర్వాతి వీడియో బాగుంటుందో లేదో ముందుగా తెలియకపోవడమే ఇందులోని అసలు ఆకర్షణ. ప్రతిసారీ బాగుంటే త్వరగా విసుగొస్తుంది, ఎప్పుడూ బాగుండకపోతే మానేస్తాం. ఎప్పుడో ఒకసారి బాగుంటుంది కాబట్టి వేలు ఆగదు. బహుమతి ఎప్పుడొస్తుందో తెలియనప్పుడు ఒక అలవాటు ఎంత గట్టిగా పట్టుకుంటుందో మనస్తత్వ శాస్త్రవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ పావురాల మీద ప్రయోగాలు చేసి దశాబ్దాల క్రితమే చూపించారు. కాబట్టి "మా పాపకు కంట్రోల్ లేదు" అనే ముందు, ఆమె ఎదురుగా ఉన్నది ఎంత తెలివిగా తయారైన వస్తువో గుర్తుంచుకోవాలి.

గ్రామీణ విద్యార్థుల మీద జరిపిన అసర్ 2024 సర్వేలో, 14 నుంచి 16 ఏళ్ళ పిల్లల్లో 82 శాతం మంది తమకు స్మార్ట్‌ఫోన్ వాడటం వచ్చని చెప్పారు. వారిలో అంతకుముందు వారం చదువుకు సంబంధించిన పనికి ఫోన్ వాడినవారు 57 శాతం, సోషల్ మీడియాకు వాడినవారు 76 శాతం. "చదువుకే కదా ఇచ్చాం" అనుకునే ప్రతి తల్లిదండ్రులూ ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూడాలి.

సైలెంట్‌లో పెడితే చాలదు

"చదివేటప్పుడు ఫోన్ సైలెంట్‌లో పెడతాడు" అని కొందరు చెబుతారు. 2017లో ఆస్టిన్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు దాదాపు 800 మందితో చేసిన ప్రయోగాల ఫలితాలు వెలువడ్డాయి. కొందరు ఫోన్‌ను బల్ల మీద బోర్లా పెట్టారు, కొందరు జేబులోనో బ్యాగులోనో ఉంచుకున్నారు, ఇంకొందరు పక్క గదిలో వదిలేశారు. అన్ని ఫోన్లూ సైలెంట్‌లోనే ఉన్నాయి. మనసు పెట్టి చేయాల్సిన పరీక్షల్లో, పక్క గదిలో ఫోన్ ఉన్నవారు బల్ల మీద ఉన్నవారికంటే మెరుగ్గా చేశారు. తర్వాత ఇతరులు చేసిన ప్రయోగాలన్నింటిలో తేడా ఇంత స్పష్టంగా రాలేదు. అయినా ఇంట్లో పాటించడానికి ఇది ఖర్చు లేని జాగ్రత్త: చదువుకునే గదిలో ఫోన్ ఉండకూడదు.

ఇంకో విషయం. సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009లో చూపించినదాని ప్రకారం, ఒక పని నుంచి ఇంకో పనికి మారినప్పుడు మనసులో కొంత భాగం పాత పని దగ్గరే ఉండిపోతుంది. చదువు మధ్యలో "ఐదు నిమిషాలు రిలాక్స్ అవుతా" అంటూ రీల్స్ చూసిన పిల్లవాడు పుస్తకం దగ్గరికి తిరిగి వచ్చినా, మనసు ఇంకా ఆ వీడియోల దగ్గరే తిరుగుతుంటుంది. పూజ గదిలోకి వెళ్ళేముందు వాట్సాప్ చూసుకున్న పెద్దవాళ్ళకూ ఇది అనుభవమే. చేయి దీపం వెలిగిస్తుంటుంది, మనసు మాత్రం గ్రూపులో ఎవరో పెట్టిన మెసేజ్‌కు జవాబు వెతుకుతుంటుంది.

దేవుడు కూడా ఫోన్‌లోనే ఉంటే?

ఫోన్ వల్ల భక్తికి మేలూ జరిగింది. కాళ్ళు కదలని నాయనమ్మ ఇంట్లోనే కూర్చుని బ్రహ్మోత్సవాలు చూడగలుగుతోంది. నమాజు వేళలు చెప్పే యాప్‌లు ఉన్నాయి. బైబిల్ తెలుగులో చదువుకోవచ్చు, వినవచ్చు. వీటిని తప్పుపట్టాల్సిన పని లేదు.

కానీ ఒక్కటి గమనించండి. పొద్దున్నే యూట్యూబ్‌లో సుప్రభాతం పెట్టాం. అది పూర్తవగానే తర్వాతి వీడియోను ఎంచేది మనం కాదు. హారతి ఇస్తున్నప్పుడు ఫోన్ ఎత్తి వీడియో తీస్తే కళ్ళు దేవుడి మీద కాక తెర మీద ఉంటాయి. ఆ వీడియో స్టేటస్‌లో పెట్టాక, ఎంతమంది చూశారో చూసుకోవడం మొదలవుతుంది. "ఈ మెసేజ్ పదకొండు మందికి పంపితే శుభం, పంపకపోతే నష్టం" అన్నది వస్తే, నమ్మకం పేరుతో భయం పంచుతున్నాం. పిల్లలు ఇవన్నీ చూస్తుంటారు. దైవం ముందు కూడా ఫోన్ పక్కన పెట్టలేమని మన చేతలతోనే చెబుతుంటే, లెక్కల పుస్తకం ముందు పక్కన పెట్టమని ఎలా చెప్పగలం?

మన మతగ్రంథాలు ఈ విషయాన్ని తేలిగ్గా తీసుకోలేదు. గీత 6వ అధ్యాయంలో అర్జునుడు మనసును గాలితో పోల్చి, దాన్ని పట్టి నిలపడం తన వల్ల కాదంటాడు. కృష్ణుడు అతన్ని కోప్పడడు. కష్టమేనని ఒప్పుకుని, అభ్యాసం, వైరాగ్యం అనే రెండు దారులు చెబుతాడు. మన ఇంటి భాషలో చెప్పాలంటే, రోజూ చేయడం, లాగేదాన్ని దూరంగా పెట్టడం. మత్తయి సువార్త 6వ అధ్యాయంలో యేసు, నలుగురికీ కనిపించేలా కాకుండా గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుని ప్రార్థించమంటాడు. నమాజు మొదలుపెట్టినవారు సలాం చెప్పేదాకా ఎవరితోనూ మాట్లాడరు. మూడింటిలోనూ కాసేపు లోకాన్ని తలుపు బయట ఉంచడమే కనిపిస్తుంది.

కౌంటర్‌లో ఫోన్ ఇచ్చేశాక

తిరుమల దర్శనానికి వెళ్ళినప్పుడు ఫోన్లు కౌంటర్‌లో ఇచ్చేసి క్యూలోకి వెళతాం. కంపార్ట్‌మెంట్లలో గంటల తరబడి కూర్చున్న సందర్భాలు మనలో చాలామందికి ఉన్నాయి. ఇంట్లో పది నిమిషాలు ఫోన్ లేకపోతే గోల చేసే పిల్లలే అక్కడ ఆ గంటలన్నీ గడుపుతారు. మొదట విసుక్కుంటారు. తర్వాత పక్కవాళ్ళతో మాట కలుపుతారు, తాతయ్యను కథ చెప్పమంటారు, గోవింద నామాలకు గొంతు కలుపుతారు, నిద్రపోతారు.

ఆ పిల్లలకు అక్కడ కొత్తగా మనోబలం ఏమీ వచ్చి చేరలేదు. మూడు విషయాలు మాత్రం మారాయి. ఫోన్ చేతికి అందదు. అమ్మానాన్నలతో సహా ఎవరి దగ్గరా ఫోన్ లేదు. ఇదంతా దర్శనం అయ్యేవరకే అని తెలుసు.

మనకు తెలిసిన దీక్షలన్నీ ఈ పద్ధతిలోనే నడుస్తాయి. అయ్యప్ప మాల వేసుకున్నవారికి 41 రోజుల మండలం. రంజాన్ నెలలో రోజాకు సెహ్రీ నుంచి ఇఫ్తార్ దాకా హద్దు ఉంది, ఇల్లంతా కలిసి పాటిస్తుంది. ఈస్టర్ ముందు క్రైస్తవులు 40 రోజుల శ్రమదినాలు పాటిస్తారు. మొదలు, చివర తెలిసిన నియమం, పక్కన పాటించేవాళ్ళు ఉన్న నియమం నిలబడుతుంది. "ఇకనుంచి ఫోన్ ముట్టుకోకు" అని ఒక్కరికే పెట్టిన, గడువు లేని నియమం వారం కూడా నిలవదు.

ఇంట్లో ఒక మండలం

ఈ 41 రోజులూ ఇలా చేసి చూడండి. దీనికి ప్రత్యేకమైన భక్తి కార్యక్రమం ఏమీ అక్కర్లేదు. మీ ఇంట్లో ఇప్పటికే ఉన్న వేళనే తీసుకోండి: సాయంత్రం దీపం పెట్టే వేళ, మగ్రిబ్ నమాజు వేళ, రాత్రి కుటుంబ ప్రార్థన వేళ. దైవ ప్రార్థన అలవాటు లేని ఇల్లయితే నిశ్శబ్దంగా కూర్చునే పది నిమిషాలు.

మొదటి 10 రోజులు: ఆ పది నిమిషాలు అందరి ఫోన్లూ ఒక స్టీలు డబ్బాలో పెట్టి ముందుగదిలో ఉంచండి. ముందు పెట్టాల్సింది నాన్న, తర్వాత అమ్మ, ఆ తర్వాతే పిల్లలు. డ్యూటీ కాల్స్, ఆసుపత్రి కాల్స్ వచ్చే ఇళ్ళలో ఒక్క ఫోన్‌కు రింగ్ పెద్దగా పెట్టి అదే గదిలో వదిలేయండి. మోగితే వెళ్ళి మాట్లాడవచ్చు, మోగకపోతే చూడనక్కర్లేదు.

11 నుంచి 25వ రోజు వరకు: ప్రార్థన అయ్యాక డబ్బా తెరవకుండానే మరో 25 నిమిషాలు చదువు. పెద్దవాళ్ళలో ఒకరు అదే గదిలో కూర్చోండి. పేపర్ చదువుకోండి, ఇంటి లెక్కలు రాసుకోండి, చిక్కుళ్ళు ఒలుచుకోండి. పాఠం మీరు చెప్పనక్కర్లేదు. మీ చేతిలో ఫోన్ లేకపోవడమే ఆ రోజు పాఠం.

26 నుంచి 41వ రోజు వరకు: చదువు 40 నిమిషాలకు పెంచండి. మధ్యలో విరామం కావాలంటే మంచినీళ్ళు, బాల్కనీలో నాలుగడుగులు. విరామంలో ఫోన్ వద్దు.

ఆ తర్వాత ఫోన్ టైమ్ ఇవ్వాలనుకుంటే దాచిపెట్టకుండా ఇవ్వండి. ఎన్నింటికి మొదలు, ఎన్నింటికి ఆఖరు అన్నది ముందే చెప్పండి. రాత్రి ఫోన్లన్నీ ముందుగదిలోనే చార్జింగ్. "పొద్దున్న అలారం కోసం" అనే కారణం పోవాలంటే ఒక అలారం గడియారం కొంటే చాలు. పదో తరగతి పిల్లలు స్టడీ అవర్స్ ముగించుకుని ఆలస్యంగా ఇల్లు చేరతారు కాబట్టి, వారి విషయంలో ఈ రాత్రి నియమం ఒక్కటి పాటించినా చాలు.

హోంవర్క్ మా దగ్గరినుంచే యాప్‌లోనో వాట్సాప్‌లోనో వస్తుంది కదా అని మీరు అడగవచ్చు. నిజమే. దానికి ఒక పద్ధతి: ఫోన్ మీ చేతిలో ఉంచుకునే హోంవర్క్ చూపించండి, పిల్లలు డైరీలో రాసుకోనివ్వండి. రాసుకోవడం పూర్తవగానే ఫోన్ డబ్బాలోకి. మెసేజ్ అర్థం కాకపోతే మర్నాడు స్కూల్లో అడగమనండి.

ఇన్‌స్టాగ్రామ్ నియమాల ప్రకారమే 13 ఏళ్ళు నిండనివారికి అకౌంట్ ఉండకూడదు. ఆరో తరగతి పిల్లలకు మీ నంబరుతో అకౌంట్ తెరిచి ఉంటే, ఈ నెలలోనే దాని గురించి వాళ్ళతో కూర్చుని మాట్లాడండి.

ఒక రోజు తప్పితే మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టవద్దు. మర్నాడు కొనసాగించండి. ఊరు వెళ్తారు, పెళ్ళిళ్ళుంటాయి, క్రికెట్ ఫైనల్ ఉంటుంది. అభ్యాసం అంటే తప్పకపోవడం కాదు, తప్పాక తిరిగి రావడం.

రెండు జాగ్రత్తలు

మొదటిది: దేవుణ్ణి బెత్తంలా వాడకండి. "ఫోన్ చూస్తే దేవుడు మార్కులు తీసేస్తాడు", "అల్లరి చేశావు, పూజ గదిలో కూర్చో" వంటి మాటల వల్ల ప్రార్థన శిక్షగా మారుతుంది. మార్కులు తగ్గినప్పుడు "భక్తి తగ్గింది, అందుకే" అనడం ఇంకా ప్రమాదం. చదువులో ఓడిపోయిన బాధతో ఉన్న పిల్లలకు, దేవుడు కూడా తనని వదిలేశాడన్న భావన కలుగుతుంది. అలాంటప్పుడు నమ్మకం వాళ్ళు తల దాచుకునే చోటుగా ఉండాలి. పెద్ద తరగతి పిల్లలు "దేవుడు ఉన్నాడా?" అని అడిగితే నోరు మూయించకండి. ఆ పది నిమిషాలు మౌనంగా పక్కన కూర్చున్నా చాలని చెప్పండి.

రెండోది: ప్రతి మార్పుకూ ఫోన్ వ్యసనమే కారణం అనుకోవద్దు. మీరు గదిలోకి రాగానే ఫోన్ దాచేయడం, నిద్ర, తిండి తగ్గడం, ఊరికే ఏడవడం, స్నేహితులకు దూరం కావడం గమనిస్తే, ముందు ఫోన్ లాక్కోకండి, ముందు వినండి. క్లాసు గ్రూపులో ఎవరో ఎగతాళి చేస్తుండవచ్చు, ఫోటోతో ఎవరో బెదిరిస్తుండవచ్చు. చెబితే ఫోన్ పోతుందన్న భయంతో పిల్లలు అసలు విషయం దాస్తారు. క్లాస్ టీచర్‌కు చెప్పండి. కేంద్ర ప్రభుత్వ ఉచిత మానసిక ఆరోగ్య సహాయ నంబరు టెలీ మానస్ 14416 రోజంతా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. ప్రార్థన చేస్తూనే డాక్టర్‌ను కలవడం నమ్మకం లేకపోవడం కాదు.

ఏం గమనించాలి

మార్పు కోసం వచ్చే వీక్లీ టెస్ట్ మార్కులు చూడకండి, అది తొందర. చిన్న గుర్తులు చూడండి. తల ఎత్తకుండా ఒక పేజీ పూర్తి చేశారా? లెక్క రాకపోతే వెంటనే జవాబు వెతకకుండా రెండోసారి ప్రయత్నించారా? భోజనాల దగ్గర స్కూల్లో జరిగింది తమంతట తామే చెప్పారా? కళ్ళు మూసుకుని నిలబడిన ఆ రెండు నిమిషాలు నిజంగా కదలకుండా ఉన్నారా? క్లాసులో మేము కూడా ఇలాంటివే గమనిస్తాం.

వచ్చే మీటింగ్‌కు ఒక చిన్న కాగితం తీసుకురండి. మీ ఇంట్లో ఎన్ని రోజులు కుదిరింది, ఎప్పుడు కుదరలేదు, డబ్బాలోంచి ముందుగా ఫోన్ తీసుకున్నది ఎవరు అన్నది అందులో రాయండి. రాసే పని పిల్లలకే అప్పగించండి. వాళ్ళు ఉన్నది ఉన్నట్టు రాస్తారు.